సున్నా దగ్గర సరిగ్గానే ఉంది

ఉప్పు కొలిచే గొట్టంలో గీత ముప్పై దగ్గర ఆగింది. ఆమె గొట్టాన్ని కంటి నుంచి తీసి, దాని గాజుపలకను మెత్తటి గుడ్డతో తుడిచి, చిన్న సీసాలోంచి ఇంకో చుక్క వేసి, మూత వాల్చి, కిటికీ వెలుతురుకేసి ఎత్తి మళ్ళీ చూసింది. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసేచోట గీత. ముప్పై. సీసా మీద మాత్రం ముప్పై అయిదని అచ్చువేసి ఉంది. పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో పట్టుకోవడానికే తయారుచేసిన నీళ్ళవి, వెయ్యి పాళ్ళకు ముప్పై అయిదు పాళ్ళ ఉప్పు, వెంట్రుకవాసి తేడా ఉండదు. పొద్దున ఉప్పు సంచీ కొనడానికి వెళితే దుకాణదారు ఈ సీసా కూడా సంచీ మీద పడేసి, "కొత్త సరుకమ్మా, ఊరికే ఉంచండి, మీ గొట్టానికీ ఓ పరీక్ష పెట్టినట్టుంటుంది" అని నవ్వాడు. పరీక్ష పెట్టకపోవడమేమిటి, వారంవారం పెడుతూనే ఉన్నాను అనుకుంది.

ఆ వారంవారం పరీక్షే ఇప్పుడూ పెట్టింది. ఉప్పు లేని శుద్ధమైన నీళ్ళు ఒక చుక్క. గీత సున్నా మీద, గుండుసూదితో గుచ్చినట్టు, అటూ ఇటూ కాకుండా. సున్నా దగ్గర సరిగ్గానే ఉంది. ఏడాదిన్నరగా సున్నా దగ్గర సరిగ్గానే ఉంటోంది, అది చూసి ఏడాదిన్నరగా ఆమె గొట్టాన్ని కళ్ళజోడు పెట్టెలాంటి దాని పెట్టెలో పెట్టి గర్వంగా మూత మూస్తోంది. మళ్ళీ సీసాలోని చుక్క. ముప్పై. నాలుగోసారి, అయిదోసారి. వేళ్ళు తడితో జారుతున్నాయి. ముప్పై అయిదును ఇది ముప్పై అంటోందంటే, ఇన్నాళ్ళూ ఇది ముప్పై అయిదు అన్నది ఎంత అన్న లెక్క చిన్నపిల్లలు కూడా చేసేదే, కానీ ఆమె మనసు ఆ లెక్క దాకా వెళ్ళి గడపలో నిలబడిపోయింది.

పళ్ళ డాక్టరు ఆస్పత్రిలో ఒంటిగంట నుంచి మూడింటి దాకా భోజన విరామం. కౌంటరు దగ్గరి అమ్మాయి బయట తలుపుకి బోర్డు తిప్పి వెళ్ళిపోయింది. వరసగా ఖాళీ కుర్చీలు, నలిగిన పత్రికలు, లవంగనూనె వాసన, గోడ పొడుగునా నీలం వెలుగులో సముద్రపు చేపల తొట్టె. నీళ్ళక్క వచ్చిందంటే రెండు గంటలపాటు ఈ గది ఆమెదే. తొట్టె నీళ్ళు చూసే మనిషి కాబట్టి నీళ్ళక్క, ఆ పేరు పెట్టింది కూడా తమ్ముడే, ఓ రోజు అందరి ముందూ "నీళ్ళక్కా, బకెట్టు పట్టు" అన్నాడు, అంతే, అతుక్కుపోయింది. మూల నీలం డ్రమ్ములో కొత్త ఉప్పు వేసిన నీళ్ళు చిన్న మోటారు తిప్పుతుంటే గిరగిరా తిరుగుతున్నాయి. ఉప్పు పూర్తిగా కరిగి నీళ్ళు తేటపడడానికి గంట పడుతుంది, ఆ లోపల కొలిస్తే కొలత అబద్ధం చెబుతుంది, గంట ఆగాలి. ఆగడం ఆమెకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. వాడికి అసలు రాదు. వాడు డ్రమ్ములో వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు. ఛీ, ఏం పనిరా అది అంటే, "సముద్రం దగ్గరికి గొట్టం పట్టుకెళ్ళి ఎవరు కొలుస్తున్నారక్కా, చేపలు నాలికతోనే కదా చూసుకుంటాయి" అనేవాడు. వాడి మాటలకి నవ్వకుండా ఉండడానికి ఆమె పళ్ళు బిగపట్టుకునేది. అక్క నవ్విందంటే వాడు ఇక పని చెయ్యడు.

నలభై. గడపలో నిలబడ్డ లెక్క లోపలికి వచ్చి కూర్చుంది. ఆమె ముప్పై అయిదు అనుకుని కాపాడుకుంటూ వచ్చిన నీళ్ళు నలభై. పాత గొట్టం కిందపడి పగిలి ఈ కొత్తది కొన్నాక, నెలనెలా కొంచెం నీళ్ళు మార్చినప్పుడల్లా, కొంచెం కొంచెంగా ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, నలభై. చేపలు ఓర్చుకుంటాయి. పగడాలు ఓర్చుకోలేవు. పగడమంటే ఉంగరంలో పెట్టుకునే రాయి అనుకునే వాళ్ళకి ఆమె ఎన్నిసార్లో చెప్పింది, ఇది ప్రాణి నాయనా, ఇది తింటుంది, నిద్రపోతుంది, నచ్చకపోతే లోపలికి ముడుచుకుపోతుంది అని. ఈ తొట్టెలో ఒకటుండేది, వేళ్ళ చివర బుల్లి సుత్తుల్లా, పదేళ్ళది, డాక్టరు దాన్ని వక్కపలుకంత ఉన్నప్పుడు తెచ్చాడట, అది తలకాయంత అయింది, పన్ను పీకించుకోవడానికి వచ్చి గజగజలాడే పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టేవాళ్ళు. అది ముడుచుకోవడం మొదలుపెట్టింది. వెలుతురు ఎక్కువైందేమో అనుకుంది ఆమె, దీపాలు మార్చింది. ఆహారం తగ్గిందేమో అనుకుంది. నీళ్ళ వేడి చూసింది, మోటారు విప్పి కడిగింది. ఉప్పు ఒక్కటే చూడలేదు. చూడకపోవడమేమిటి, వారంవారం చూసింది, ముప్పై అయిదు.

"అక్కా, ఉప్పెక్కువైంది" అన్నాడు వాడు. ఎప్పుడు? వానలకి ముందు. తొట్టె మీదికి వంగి, జబ్బ దాకా చెయ్యి లోపల పెట్టి గాజు తోముతూ, తల తిప్పకుండానే అన్నాడు. "చెయ్యి ఆరితే తెల్లగా పొక్కు కడుతోంది చూడు, ఇదివరకు ఇలా లేదు." ఆమె గొట్టం తీసి చూపించింది. చదువు, నువ్వే చదువు. వాడు ఒక కన్ను మూసి చూసి, "ఇది ముప్పై అయిదే అంటోంది, కాదన్లేదు. ఇంకోదాంతో కూడా చూద్దామా?" అన్నాడు. నాలికతో చూద్దాంలే అంది ఆమె. ఆ మాట గుర్తుంది. అన్నప్పుడు గొంతులో ఉన్న తీపి కూడా గుర్తుంది, అది గెలిచిన తీపి. చిన్నప్పటి నుంచీ అంతే, ఆమె పుస్తకాలకి అట్టలు ఉండేవి, వాడి పుస్తకాలకి మొదటి పేజీలే ఉండేవి కావు. ఆమె పాలు పొంగనివ్వదు, వాడు గిన్నె మాడ్చేస్తాడు. పేరన్నది ఒకసారి పడిందంటే గోడమీద చెమ్మలాంటిది, ఎన్ని సున్నాలు వేసినా పైకి వస్తూనే ఉంటుంది. నిజానికి వాడు గిన్నె మాడ్చింది ఎన్నిసార్లు? ఇప్పుడు లెక్కపెడుతుంటే ఒక్కసారే గుర్తొస్తోంది. ఒక్కసారే. మిగతావన్నీ ఆ ఒక్కదాని గురించి చెప్పుకున్నవి.

తర్వాత తొమ్మిది రోజులు. అమ్మో, ఆ తొమ్మిది రోజులు. ఆమె జ్వరంతో పడుకుంది, వాడొక్కడే వచ్చి వెళ్ళాడు. లేచి వచ్చిన రోజు ఈ గదిలోకి అడుగు పెడుతూనే ఆగిపోయింది, సుత్తుల పగడం విచ్చుకుని ఉంది, పూర్తిగా, వేళ్ళన్నీ బయటపెట్టి నీటివాలుకి ఊగుతూ, నెలల తరబడి చూడని ఆకుపచ్చ. డాక్టరు గదిలోంచి చేతితొడుగులతోనే బయటికొచ్చి, "చూశారా, మీరు మార్చిన దీపాలు భలే పనిచేశాయి" అన్నాడు. అవునండీ, దీపాలే, అంది ఆమె. వాడు మూల బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో ఏదో ఉంది, నవ్వు ఆపుకుంటున్నాడేమో అనుకుంది, ఇప్పుడు తెలుస్తోంది, వాడు చెప్పబోయాడు, డాక్టరు దీపాలనేసరికి, అక్క అవునండీ అనేసరికి మింగేశాడు. ఆమె గొట్టం తీసి కొలిచింది. ముప్పై ఒకటి. ఏం చేశావురా? "రోజుకి కాస్త ఉప్పునీళ్ళు తీసి, కాస్త మంచినీళ్ళు పోశానక్కా. మెల్లిగానే చేశాను. చూడు ఎలా విచ్చుకుందో." ముప్పై ఒకటంటే, అసలు లెక్కలో ముప్పై ఆరు. దాదాపు సముద్రం. వాడు నాలికతో, చేతిమీది తెల్లపొక్కుతో సముద్రం దగ్గరికి వెళ్ళి ఆగాడు. దాన్ని ఆమె ఒక్క మధ్యాహ్నంలో, ఇదే కుర్చీ పక్కన, ఇదే డ్రమ్ములో చిక్కటి ఉప్పునీళ్ళు కలిపి, మూడింటికి పేషెంట్లు వచ్చేలోపు అయిపోవాలని చెంబులు చెంబులుగా పోసి మళ్ళీ ముప్పై అయిదుకి ఎక్కించింది. అంటే నలభైకి. ఆగడం వచ్చిన మనిషి ఆ రోజు ఆగలేదు. కోపం ఆగనివ్వలేదు.

రెండోరోజుకి వాసన మొదలైంది. మూడోరోజుకి సుత్తుల పగడం చర్మం ఊడి, తెల్లటి ఎముక. మిగతావీ దాని వెనకే. ఈ గది నిండా జనం, బుగ్గలు వాచినవాళ్ళు, ముక్కు మూసుకున్న పిల్లలు, డాక్టరు తొట్టె ముందు నిలబడి "పదేళ్ళమ్మా" అని ఒక్కమాట అన్నాడు, ఆయన తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు ఆమె వేలు చూపించింది. ఇదుగో వీడు, నేను లేనప్పుడు నీళ్ళు కలిపాడు, కొలత లేదు పాడు లేదు, నోట్లో వేలు పెట్టుకుని ఉప్పు చూసే మనిషి వీడు. వాడి చొక్కా చెయ్యి మోచేతి పైదాకా తడిసి, నీళ్ళు నేలమీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. "అక్కా, ఒక్కసారి ఇంకో గొట్టంతో చూద్దాం" అన్నాడు, మెల్లిగా, ఆమెకి మాత్రమే వినపడేలా. ఆమె మాత్రం అందరికీ వినపడేలా అంది. "ఇంకో గొట్టమెందుకురా, ఇంకో మనిషినే చూసుకుంటాను." ఎవరో నవ్వారు. బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్న ఒకాయన నొప్పిలో కూడా నవ్వాడు. మాట బాగా కుదిరింది మరి. వాడు బకెట్టు కింద పెట్టాడు, చప్పుడు కాకుండా పెట్టాడు, గుడ్డతో నేలమీద బొట్లు తుడిచి వెళ్ళిపోయాడు. అజాగ్రత్త మనిషి నేల తుడిచి వెళతాడా? ఎనిమిది నెలలకి అడుగుతోంది ఈ ప్రశ్న.

మోటారు తిరుగుతోంది. డ్రమ్ములో నీళ్ళు ఇంకా పాలవిరుగుడులా ఉన్నాయి, అరగంట కూడా కాలేదు. తొట్టెలో, రెండు నెలల కిందట కొత్తగా పెట్టిన చిన్నచిన్న పగడపు ముక్కలు రాళ్ళకి కరుచుకుని ముడుచుకుపోయి ఉన్నాయి, అవీ మొదలుపెట్టాయి, అందుకే కదా ఇవాళ సీసా మూత తీసింది. ఇప్పటికిప్పుడు మంచినీళ్ళు పోసెయ్యాలని చేతులు లేచాయి. ఆగు. ఒక్కసారిగా ఎక్కించడమే చంపింది, ఒక్కసారిగా దించడమూ చంపుతుంది. రోజుకి అర పాయింటు, మహా అయితే ఒకటి. నలభై నుంచి ముప్పై అయిదుకి ఎన్ని రోజులు? వాడు చేసినట్టే, చెంబుడు తీసి చెంబుడు పోసి. వాడికి ఎవరు నేర్పారు మెల్లిగా చెయ్యాలని? తనే. మెల్లిగా రా బుడ్డోడా, నీళ్ళకి కంగారు పడితే పాపం తగులుతుంది అని, వాడు మొదటిసారి బకెట్టు పట్టుకున్న రోజున తనే.

ముప్పై నాలుగేళ్ళు వచ్చినా అమ్మకి వాడు బుడ్డోడే. ఇక్కణ్ణుంచి వెళ్ళాక ఫ్యాక్టరీల ట్యాంకులు కడిగే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. నీళ్ళ పనే కదా అన్నాడట పెళ్ళాంతో. భూమిలోపల ట్యాంకు, పై మూత ఒక మనిషి పట్టేంత, అడుగున బురద, బురదలో విషవాయువు. మూడు నెలలే చేశాడు, ఒకరోజు అందులో దిగినవాడు పైకి రాలేదు. ఆగమన్నా ఆగకుండా దిగాడని కాంట్రాక్టరు అన్నాడు. ఆగమని ఎవరూ అనలేదు, గాలి చూసే మనిషే లేడు అని తోటివాళ్ళు అన్నారు. విచారణకి లేబరు ఆఫీసరు ఇంటికొచ్చాడు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, మర్యాదగానే అడిగాడు, మనిషి స్వభావం ఎలాంటిదమ్మా అని. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, పోయినవాణ్ణి అందరూ పొగుడుతారని. వాడికి ఆ భాగ్యం కూడా ఆమె దక్కనివ్వలేదు. "వాడికి మొదటినుంచీ జాగ్రత్త తక్కువండీ. నా దగ్గర పనిచేసినప్పుడు కూడా చెప్పకుండా నీళ్ళు కలిపి ఒక తొట్టెడు ప్రాణాలు తీశాడు." ఆఫీసరు రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఎందుకు చెప్పింది? నిజం చెప్పాలి కదా, కొలత కొలతే కదా. కాదు. వాడు అజాగ్రత్త వల్ల పోయాడంటే, ఆమె గెంటెయ్యడం వల్ల పోలేదన్నమాట. అంతే. ఈ అయిదు నెలలూ ఆమె నిద్రపోయింది ఆ సంతకం మీద తలపెట్టుకునే.

మరదలు వచ్చింది, వాడి పెళ్ళాం, పదోరోజు. గుమ్మంలోనే నిలబడింది. "వదినా, ఆ మాట తీసెయ్యమని ఒక్కసారి ఆఫీసులో చెప్పవా? స్వయంగా చేసుకున్న నిర్లక్ష్యం అని రాసి ఫైలు మూసేస్తారట. ఆయన పోయింది చాలదా, పేరు కూడా పోవాలా?" ఆమె ఏమంది? నేను అబద్ధం రాయించలేనమ్మాయ్ అంది. ఎంత నెమ్మదిగా అంది! ఎంత న్యాయంగా! మరదలు చూసిన చూపు ఇప్పుడు చర్మం మీద ఆరుతోంది, తెల్లగా, పొక్కు కడుతూ. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. తిన్నది ఒకళ్ళు, తాగింది ఇంకొకళ్ళు.

ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన కూడా వచ్చింది, దొంగపిల్లిలా వచ్చి ఒళ్ళో పడుకుంది. గది ఖాళీ. సీసాను చెత్తబుట్టలో వేసి, కొత్త గొట్టం కొనుక్కుని, పది రోజుల్లో నీళ్ళు దించేస్తే పగడాలు విచ్చుకుంటాయి, డాక్టరు దీపాలే అంటాడు, ఆమె అవునండీ అంటుంది. తేలుకుట్టిన దొంగలా మిగతా బతుకంతా మూలగకుండా ఉంటే సరిపోతుంది. నాలుగు నిమిషాలు, గోడ గడియారంలో చూసింది, నాలుగు నిమిషాలు ఆమె ఆ పిల్లిని ఒళ్ళోంచి దింపలేదు. తర్వాత లేచి, ఒక చెంబు తొట్టెలోని నీళ్ళు తీసి బకెట్టులో పోసింది, ఒక చెంబు ఉప్పు లేని నీళ్ళు, గోడ వెంబడి, సన్నని ధారగా, లోపలికి వదిలింది. డ్రమ్ములో మోటారు ఆపేసింది. ఆ ఉప్పుతో ఇవాళ పని లేదు.

డాక్టరు మూడింటికి అయిదు నిమిషాల ముందు వచ్చాడు. ఆమె నిలబడే చెప్పింది, గొట్టమూ సీసా బల్ల మీద పెట్టి. ఆయన రెండుసార్లు కంటికి పెట్టుకుని చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "పోనీలెండి, పగడాలే కదా, మీరు కావాలని చేశారా ఏమన్నా" అన్నాడు. అంత మంచి మనిషి మీద ఆమెకి పట్టరానంత కోపం వచ్చింది. మా తమ్ముడిది తప్పు కాదని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి డాక్టరుగారూ, తొట్టె విచ్చుకున్న తొమ్మిది రోజుల సంగతి కూడా రాయండి అంది. ఆయన మందుల చీటీ మీదే రాశాడు. "ఆ కుర్రాడు ఇప్పుడెక్కడ చేస్తున్నాడు?" అని అడిగాడు, రాస్తూ. ఆమె చెప్పింది. ఆయన పెన్ను ఆగింది. లేబరు ఆఫీసుకి అక్కణ్ణుంచే ఫోను చేస్తే, ఫైలు మూసేశామమ్మా, కాగితం తెచ్చిస్తే జతచేస్తాం, తెరుస్తారో లేదో పైవాళ్ళిష్టం అన్నాడు గుమస్తా.

ఆ తర్వాత మరదలికి చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు, ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆగలేదు, గుడ్డ చివరిదాకా వెళ్ళి అప్పుడు ఆగింది.

"అత్తయ్యకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"ఆరింటికి వస్తాను. నేనున్నప్పుడే చెప్పు. నువ్వు చెబుతుంటే నేను చూడాలి."

ఆరింటికి వచ్చింది. తలుపు పక్కన గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. అమ్మ మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె మొదటినుంచీ చెప్పింది, గొట్టం సంగతి, సున్నా సంగతి, నలభై సంగతి, జనం ముందు అన్న మాట, సంతకం. ఎక్కడా ఆగలేదు, తనని తాను ఎక్కడా వెనకేసుకు రాలేదు. అమ్మకి అందులో సగం అర్థం కాదనుకుంది, అందుకే చివర్లో విడమర్చింది: వాడు చెప్పిందే నిజమమ్మా, తప్పు నాది.

అమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉంది. అమ్మ ఏడుస్తుందని, అరుస్తుందని, కొడుతుందని ఇద్దరూ ఎదురుచూశారు. అమ్మ ఇద్దరినీ చూడలేదు.

"నాకు చెప్పాడే" అంది. "ఆ రోజు ఇటే వచ్చాడు. చొక్కా తడిగా ఉంది. అమ్మా, ఆ గొట్టం తప్పు చూపిస్తోంది, నేనంటే వినదు, నువ్వైనా అక్కకి చెప్పవే అన్నాడు."

గోడకి ఆనుకున్న మరదలు చేతులు విప్పేసింది. చూడ్డానికి వచ్చిన మనిషి తల దించుకుంది.

"నేనేమన్నానో తెలుసా?" అంది అమ్మ. తువ్వాలు రెండు అంచులూ కలపబోయి, కలవక, మళ్ళీ విప్పి, మళ్ళీ కలిపింది. ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పింది.

"అక్క తప్పు చెయ్యదురా, వెళ్ళి కాళ్ళు కడుక్కో, అన్నాను."